కూర మాత్రమే కొనుక్కునే ఊళ్లో

హైదరాబాద్ వెళ్లొచ్చిన మన సీనియర్ ఎవరిని కదిలించినా రెండు మాటలు గ్యారంటీగా వినిపిస్తాయి. ఒకటి, అక్కడ కాంపిటీషన్ మామూలుగా లేదని. రెండు, కర్రీ పాయింట్ కూరలు తిని తిని నాలుక చచ్చిపోయిందని. మొదటి మాట సంగతి ప్లేస్‌మెంట్ సెల్ చూసుకుంటుంది. రెండో మాట మీదే నాకు పేచీ. కర్రీ పాయింట్ మీద మనం చేసే ఫిర్యాదు తప్పు ఫిర్యాదు. చెయ్యాల్సినవి వేరే ఉన్నాయి, వాటిని మాత్రం ఎవరూ చెయ్యరు.

ఫస్ట్ ఇయర్ వాళ్ల కోసం ముందు అసలు సంగతి చెప్పాలి. కర్రీ పాయింట్ అంటే హోటల్ కాదు, మెస్సూ కాదు. ఒక షట్టరు, దానికి అడ్డంగా ఒక కౌంటరు, అద్దం వెనకాల వరసగా స్టీలు ట్రేలు. టమాటా పప్పు, సాంబారు, చారు, దొండకాయ వేపుడు, బంగాళాదుంప కూర, గుత్తొంకాయ, కోడిగుడ్డు పులుసు, ఏదో ఒక పచ్చడి, ఆదివారమైతే చికెన్. కుర్చీ ఉండదు. మంచినీళ్ల గ్లాసు ఉండదు. మనం వేలు పెట్టి చూపిస్తే వాళ్లు గరిటెతో కవర్లో పోసి, కవరు మెడ మెలితిప్పి, రబ్బరు బ్యాండు చుట్టి చేతిలో పెడతారు. ఆ కట్టడం ఒక విద్య. కాస్త గాలి మిగిల్చి బుడగలాగా కట్టిన సాంబారు కవరుని బ్యాగులో పడేసుకుని మూడంతస్తులు ఎక్కినా చుక్క ఒలకదు. నాలుగేళ్లు బీటెక్ చదివిన మనం ఆ ముడి వెయ్యబోతే మొదటిసారే చెయ్యి కాలుతుంది.

ఇప్పుడు మన వైపు ఊళ్లలోనూ ఈ బోర్డులు వచ్చాయి గానీ, అసలు రూపం చూడాలంటే అమీర్‌పేట మైత్రీవనం వెనకాల సందుల్లో చూడాలి. లేదా ఎస్.ఆర్. నగర్‌లో, బల్కంపేటలో, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో. సాయంత్రం క్లాసులు వదిలాక ఒక్కో షట్టరు ముందు పాతిక ముప్ఫై మంది ఉంటారు. అందరి భుజానా బ్యాక్‌ప్యాకే. సగం మంది ఫోన్లో ఇంటివాళ్లతో మాట్లాడుతుంటారు. "ఆఁ, తిన్నానమ్మా" అంటూనే దొండకాయ వైపు వేలు చూపిస్తారు.

2025 మే, జూన్ నెలలు నేను ఎస్.ఆర్. నగర్‌లో ఉండి ఒక కోర్సు చేశాను. అప్పుడు మా సందులో పప్పు కవరు 30 రూపాయలు, వేపుడు 40. ఒక పప్పు, ఒక వేపుడు తీసుకుంటే ఇద్దరికి ఒక పూట గడిచిపోతుంది. అంటే మనిషికి 35. అంత తక్కువకి ఎలా గిడుతుందని చాలామంది అనుమానంగా అడుగుతారు, ఏదో కల్తీ ఉందన్నట్టు. అందులో మాయ ఏమీ లేదు, లెక్కే ఉంది. హోటల్ భోజనంలో మనం కూరకి ఒక్కదానికే డబ్బులివ్వం. మనం కూర్చునే చోటి అద్దెకీ, వడ్డించేవాళ్ల జీతానికీ, ప్లేటు కడిగే మనిషికీ, నీళ్లకీ, ఫ్యానుకీ అన్నిటికీ ఇస్తాం. కర్రీ పాయింట్ వాటన్నిటినీ తీసేసి, ఆ పనులు మన గదికి తోసేసింది. అన్నం మనమే వండుకుంటాం, కింద పేపరు మనమే పరుచుకుంటాం, కంచం మనమే కడుక్కుంటాం. అంటే మన గదులన్నీ ఆ షట్టరుకి డైనింగ్ హాళ్లు. అద్దె మనది, వ్యాపారం వాళ్లది. చవక ఎక్కడి నుంచో ఊడిపడలేదు, సగం మన చేతుల్లోంచే వచ్చింది.

ఇంకో సంగతి గమనించండి. పల్నాడు నుంచి వెళ్లే పిల్లలు ఏమేం మోసుకెళ్తారు? పిడుగురాళ్ల, మాచర్ల, గురజాల ఏ బస్టాండులోనైనా హైదరాబాద్ బస్సు డిక్కీ తెరిచినప్పుడు చూడండి. పాతిక కేజీల బియ్యం బస్తా, ఆవకాయ, గోంగూర పచ్చడి డబ్బాలు, కారప్పొడి, కందిపొడి, నెయ్యి సీసా, అప్పడాలు. పొద్దున్నే పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో సీట్ల కింద ఉండేదీ ఇదే సామాను. ఇంట్లో వంటగది మొత్తం బస్సెక్కుతుంది, ఒక్కటి తప్ప. తడి కూర ఎక్కలేదు. పప్పు ఆరు గంటలు ఆగదు, వంకాయ కూర మర్నాటికి ఉండదు. సరిగ్గా ఆ ఒక్క ఖాళీలోనే కర్రీ పాయింట్ పుట్టింది. ఇంటి నుంచి రాలేని వస్తువేదో కనిపెట్టి దాన్ని మాత్రమే అమ్ముతుంది. మనం సెమిస్టర్‌కో సబ్జెక్టుగా చదివే మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో ఈ ఉదాహరణ ఎందుకు ఉండదో నాకర్థం కాదు.

అందుకే "ఇంటి రుచి లేదు" అన్న మాట నాకు నచ్చదు. ఇంటి రుచి అమ్ముతామని వాళ్లెప్పుడూ అనలేదు. బోర్డు మీద అలా రాసుకున్నవాళ్లున్నా అది బోర్డు వరకే. మూడు వందల మందికి ఒకేసారి వండేది నీ ఒక్కడి నాలుకకి ఎలా సరిపోతుంది? గోదావరి వాళ్లకి కారం ఎక్కువ, మనకి తక్కువ, కరీంనగర్ వాళ్లకి పులుపు తేడా. అందరికీ కొంచెం కొంచెం నచ్చకుండా ఉండటమే అక్కడి రుచి. ఆ లెక్కన అది న్యాయమైన రుచే.

తిండి మీద ఫిర్యాదు చెయ్యడం మన ప్రాంతానికి కొత్త కాదులెండి. పల్నాటి వీరచరిత్ర ఎవరి పేరు మీద ఉందో ఆ శ్రీనాథుడే, రాజాస్థానాల్లో సన్నన్నం తిన్న మనిషి, మన వైపు వచ్చి జొన్నకూడు తినలేక చాటువుల్లో వెక్కిరించాడని చెప్పుకుంటారు. ఒక రకంగా పల్నాడు మెస్సు మీద మొదటి నెగెటివ్ రివ్యూ ఆయనదే, అదీ ఛందస్సులో. తర్వాత 1955లో సాగర్ డ్యామ్‌కి పునాది రాయి పడింది, 1967 ఆగస్టులో కాలువలకి నీళ్లొదిలారు, కుడి కాలువ కింద మాగాణి వచ్చింది. ఇప్పుడు మనమే బియ్యం బస్తాలు హైదరాబాద్‌కి మోస్తున్నాం. జొన్న సంకటి తిని పెరిగిన మా తాతయ్య మాత్రం శ్రీనాథుడి కథ చెప్తే నవ్వడు.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మనలో చాలామంది దాన్ని దాస్తారు. మా ఇంట్లో మూడెకరాల మిర్చి. 2023లో కొన్ని రకాలు క్వింటాలు 20,000 దాటాయి. 2025 మొదట్లో గుంటూరు యార్డులో ధర అందులో సగానికి సగం పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలని ప్రకటించింది. కోత కూలీ, పురుగుమందులు, కౌలు, యార్డు దాకా లారీ కిరాయి పోను అందులో ఏం మిగులుతుందో మిర్చి వేసిన ఇళ్ల పిల్లలకి నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ వేసవిలోనే నేను కోర్సు ఫీజు కట్టాను. అంటే నేను తిన్న ప్రతి పప్పు కవరుకీ మా ఇంట్లో ఒక లెక్క ఉంది. కౌంటరు ముందు నిలబడి 40 రూపాయల వేపుడా, 30 రూపాయల పప్పా అని ఆలోచించడం పిసినారితనం కాదు. ఆ పది రూపాయలు రోజుకి రెండు పూటలా, రెండు నెలలకి లెక్కేస్తే 1,200. మా నాన్న సంచులు కుట్టించి యార్డుకి ఎత్తించే కూలిలో అదో వాటా. విడ్డూరమేమిటంటే, మిర్చి ధర సగమైనా ఆ కూరలో పడే కారం ధర పెద్దగా తగ్గలేదు, కూర ధర అసలే తగ్గలేదు. అందుకు కర్రీ పాయింట్‌ని అనలేం. వాళ్ల ఖర్చులో కారం ఎంతని? గ్యాసు, నూనె, షట్టరు అద్దె, ఈ మూడే వాళ్ల నెత్తిన కూర్చుంటాయి. రైతుకీ గరిటెకీ మధ్య ఎవరున్నారో వెతకాల్సిన పని వేరే ఉంది.

నేను రోజూ కొనే చోట కౌంటరు దగ్గర ఉండే ఆవిడది గురజాల వైపు పల్లె. "పచ్చిపులుసు ఉందా పిన్నీ" అని నేనడగ్గానే నా మాట పట్టేసి "మీదేవూరమ్మాయ్?" అంది. అప్పట్నుంచీ ఆవిడ నాకు పిన్నే. ఆవిడ రోజు నాలుగున్నరకి మొదలవుతుంది. భర్త ఎర్రగడ్డ రైతుబజారు నుంచి కూరగాయలు తెస్తాడు. ఇద్దరు ఆడవాళ్లు వెనకాల కూర్చుని పదింటిదాకా తరుగుతూనే ఉంటారు. పదకొండుకి ట్రేలు పెడతారు, మూడింటికి కడుగుతారు. సాయంత్రం మళ్లీ అదే. రాత్రి పదిన్నరకి షట్టరు సగం దించాక వాళ్ల భోజనం. మిగిలిన కూరే. వానొస్తే జనం తగ్గుతారు, కూర మిగులుతుంది, ఆ రోజు పని మొత్తం మోరీలో పోస్తారు. వారంలో ఒక్క రోజు సెలవు లేదు, ఎందుకంటే మూసిన మర్నాడు గిరాకీ పక్క షట్టరుకి అలవాటు పడుతుంది.

మన "నాలుక చచ్చిపోయింది" జోకు ఆవిడ కూడా వింటుంది. కౌంటరు ముందు నిలబడే అంటారు కదా. ఆవిడ పట్టించుకోదు, గరిటె ఆగదు. నాకు మాత్రం ఇబ్బందిగా ఉండేది. ఇంట్లో అమ్మ వండినది బాగోలేదంటే తిట్లు పడతాయి, అక్కడ 30 రూపాయలు పడేశాం కాబట్టి ఏమన్నా అనొచ్చు. రెండు చోట్లా పొయ్యి ముందు నిలబడేది ఆడమనిషే.

చవక తిండి వండే ఆడవాళ్లని మనం ఎప్పుడు గమనిస్తాం? రీల్ వస్తే గమనిస్తాం. మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్ముకునే కుమారి ఆంటీ ఏమయ్యారో గుర్తుందిగా. ఎన్నో ఏళ్లుగా ఆఫీసు జనానికి అన్నం పెడుతున్న మనిషి, ఒక లివరు లెక్కతో మీమ్ అయిపోయారు. జనం ఎగబడ్డారు, ట్రాఫిక్ ఆగింది, 2024 జనవరి ఆఖరులో పోలీసులు బండి తీసేయమన్నారు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుంటే మళ్లీ పెట్టుకున్నారు. కథ సుఖాంతమే. కానీ ఆమె వ్యాపారానికి ఇబ్బంది తెచ్చింది ఎవరు? తినడానికి వెళ్లినవాళ్లకంటే తీయడానికి వెళ్లినవాళ్లే ఎక్కువ కదా. ప్రతి షట్టరుకీ ముఖ్యమంత్రి ఫోను రాదు.

ఇక అసలు ఫిర్యాదుల్లోకి వస్తాను. మొదటిది అమ్మాయిల తరఫున. కర్రీ పాయింట్ చవక అనే మాట అబ్బాయిలకి నిజం, మాకు సగమే నిజం. అబ్బాయిలు నలుగురు కలిసి గది అద్దెకి తీసుకుంటారు, రైస్ కుక్కర్ పెట్టుకుంటారు, ఇంటి బియ్యం వండుకుంటారు. మమ్మల్ని గది తీసుకోనివ్వరు. "లేడీస్ హాస్టల్ అయితేనే పంపిస్తాం" అని ఇంట్లో ముందే షరతు. హాస్టల్‌కి వెళ్తే గోడ మీద మొదటి రూలే "ఎలక్ట్రిక్ కుక్కర్లు, ఇండక్షన్ స్టవ్‌లు నిషేధం". అక్కడ పెట్టే తిండి పడకపోతే బయట అన్నం కూడా కొనుక్కోవాలి. బియ్యం బస్తా మోసుకెళ్లి ఏం చేసుకోవాలి? నేనున్న రెండు నెలల్లో మా గదిలోని నలుగురం అన్నం కవర్ల మీద పెట్టిన డబ్బు, కూరల మీద పెట్టిన దానికి దాదాపు సమానం. ఒకే సందు, ఒకే షట్టరు, ఒకే పప్పు. బిల్లు మాత్రం మాకు ఎక్కువ. వైరింగ్ పాతది, లోడు పడుతుంది అన్న కారణం నిజమే కావచ్చు. అయితే ఫ్లోరుకి ఒక వంటగట్టు, ఒక మంచి ప్లగ్గు పాయింటు పెట్టడం ఎంత పని? కరెంటు బ్రాంచి వాళ్లు చెప్పండి.

రెండోది కవరు. పొగలు కక్కే సాంబారు, అందులో చింతపండు పులుపు, పైన తాలింపు నూనె. వేడి, పులుపు, నూనె మూడూ కలిస్తే పల్చటి ప్లాస్టిక్‌లో ఉన్నవి కూరలోకి దిగడానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో మనం చేసేదీ అదే కదా, వేడి చెయ్యి, ఆమ్లం పొయ్యి, చూడు. చేతిసంచి కవర్లు 120 మైక్రాన్లకి తగ్గకూడదని 2022 డిసెంబరు 31 నుంచి రూలుంది. సాంబారు పోసే పిడిలేని పల్చటి కవరు ఎన్ని మైక్రాన్లో ఎవరూ కొలవరు. దీని మీద మనలో ఒక్కరూ నోరెత్తం. ఉప్పు తక్కువైందని మాత్రం వెనక్కెళ్లి మరీ చెప్తాం.

మూడోది నూనె. వేపుళ్లకి కాచిన నూనె మళ్లీ మళ్లీ కాస్తే అందులో టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనేవి పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై నుంచి దేశమంతటా నిబంధన. నూనె నల్లబడి, నురగొచ్చి, చిక్కబడుతుంటే కొలిచే పరికరం లేకపోయినా తెలిసిపోతుంది. మనం ఆ నూనె చూడగలిగేంత దగ్గర్లోనే నిలబడతాం. పిన్ని వాళ్ల దగ్గర నూనె మార్చేవాళ్లు, నేను చూశాను. అన్ని చోట్లా అలా ఉండదు. నూనె మార్చే షట్టరులో వేపుడు ఐదు రూపాయలు ఎక్కువుంటే, ఆ ఐదూ ఇవ్వమనే నేనంటాను, మిర్చి రైతు కూతురుగా లెక్కలన్నీ చూసుకునే. మనం చవక మీదే పోటీ పెడితే వాళ్లు మొదట తగ్గించేది నూనె ఖర్చే. రెండోది ఆ తరిగే ఆడవాళ్ల కూలి.

ప్రభుత్వ క్యాంటీన్లు ఉన్నాయిగా అనొచ్చు. ఉన్నాయి, మంచివే. హైదరాబాద్‌లో 5 రూపాయల భోజనం 2014లో మొదలైంది, 2025 సెప్టెంబరు నుంచి ఇందిరమ్మ క్యాంటీన్ల పేరుతో టిఫిన్ కూడా పెడుతున్నారు. మన దగ్గర అన్న క్యాంటీన్లు 2018లో తెరిచారు, 2019లో మూశారు, 2024 ఆగస్టు 15న మళ్లీ తెరిచారు. అమీర్‌పేటలో కోర్సులు చేసేవాళ్లు ఐదు రూపాయల వరసలో ఐడీ కార్డు చొక్కా లోపలికి తోసుకుని నిలబడటం నేను చూశాను. ఆ కార్డు దాచుకోవడం చూస్తే బాధనిపించింది. మన కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలకి ఇప్పటికీ చాపకూడు పెడతారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించిన దానికి గుర్తుగా. ఆ నేల మీద పుట్టి, పక్కవాడితో కలిసి చవకగా తినడానికి సిగ్గుపడితే ఎలా? హైదరాబాద్‌లో గది కోసం వెళ్తే "మీరేమిట్లు?" అని అడిగే ఇంటి ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు. మనవాళ్లు కూడా "మనోళ్ల రూమ్" కోసమే వెతుకుతారు, ఆ "మనోళ్లు" అంటే ఏంటో అందరికీ తెలుసు. కర్రీ పాయింట్ కౌంటరు మాత్రం నన్ను రెండే ప్రశ్నలడిగింది. ఏం కూర? ఎన్ని కవర్లు?

వచ్చే వేసవికి మనలో ఓ యాభై మందైనా బస్సెక్కుతారు. బియ్యం బస్తాతో పాటు ఇంట్లో వాడకుండా పైన పడేసిన పాత స్టీలు క్యారేజీ ఒకటి దించి తుడుచుకుని తీసుకెళ్లండి, నాలుగు గిన్నెలది. కింది గిన్నె పప్పుకి, మధ్యవి వేపుడుకీ పచ్చడికీ. నేను జూన్‌లో అలాగే పట్టుకెళ్లాను. మొదటి రోజు వెనకున్నవాళ్లు నవ్వారు, రెండో వారానికి ఇంకో ముగ్గురు తెచ్చారు. కవరు ఖర్చు మిగులుతుంది కాబట్టి పిన్ని గరిటె కాస్త వంచి పోసేది. సాంబారుకి మాత్రం మూత బిగుతుగా ఉన్న గిన్నె చూసుకోండి, క్యారేజీ గిన్నెల్లో సాంబారు మెట్లెక్కేలోపే చేతిమీదికొస్తుంది. ఆ ఒక్క విషయంలో ఇప్పటికీ వాళ్ల కవరు ముడే నయం.